‘ఎండు ఈగ’ కాదు, తేలే ఈగ

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో నీలగిరి కొండల సెలయేళ్లలో ట్రౌట్ చేపల వేట గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే అందులో ‘డ్రై ఫ్లై’ అనే ఎర బొమ్మను ‘ఎండు ఈగ’ అని తెనిగించడంతో, ఈగను ఎండబెట్టి గాలానికి గుచ్చుతారన్న అర్థం వచ్చింది. ఎండు చేపలు ఎరిగిన మా నెల్లూరు జిల్లా పాఠకులు అలా అనుకుంటే వారి తప్పేమీ లేదు.

నిజానికి అందులో ఈగే ఉండదు. గోరంత కొక్కేనికి సన్నని దారం చుట్టి, దానిపై పుంజు మెడ ఈకను చుట్లు చుట్లుగా బిగించి కట్టే బొమ్మ అది. ఆ ఈక పోచలు బిరుసుగా నిలిచి, పురుగు కాళ్లలా నీటి పైపొర మీద ఆనుకుని కొక్కేన్ని మునగనివ్వవు. పెట్ట ఈక మెత్తన, నీళ్లు పీల్చుకుంటుంది కనుక పనికిరాదు. ఉద్యోగరీత్యా ఊటీలో ఉన్న రోజుల్లో నేను ఆత్మకూరు నుంచి డేగ పుంజు ఈకలు తెప్పించుకుని కట్టేవాణ్ణి; ఆ ఎర్రని వన్నెకు చేపలు బాగానే లేచేవి. (పుంజును ఇచ్చిన మా బావగారు మాత్రం ఇదేం పిచ్చి అని ఇప్పటికీ అంటారు.) నీటిలో పుట్టి, పైకి తేలి, రెక్కలు విప్పుకుని ఎగిరిపోయే చిన్న పురుగులను ఈ బొమ్మ అనుకరిస్తుంది. తడవకుండా తేలుతుంది కాబట్టి ‘డ్రై’ అన్నారు. ముంచి ఆడించేదాన్ని ‘వెట్ ఫ్లై’ అంటారు.

వ్యాసంలో మరొకటి కూడా తారుమారైంది. బొమ్మను దిగువకు విసిరి ఎదురు లాగాలని రాశారు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, కొట్టుకొచ్చే మేత కోసం కాచుకుని ఉంటుంది. అందుకే చిన్న సెలయేళ్లలో వేటగాడు దాని వెనుకనుంచి, వంగి నడుస్తూ ఎగువకు విసిరి, బొమ్మను నీటివాలుకే వదిలేస్తాడు. దారం ఏ కొంచెం లాగినా బొమ్మ నీటిమీద గీత గీస్తూ జారుతుంది. అది చూసిన చేప మరి నోరు తెరవదు. నాలుగైదు విసుర్లకు బొమ్మ తడిసి బరువెక్కితే, నీటికి తగలకుండా గాలిలోనే రెండుమూడుసార్లు ముందుకూ వెనక్కూ ఊపి ఆరబెట్టుకోవాలి.

వచ్చే ఆదివారం ‘తేలే ఈగ’ అని సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ మాట నచ్చకపోతే ‘డ్రై ఫ్లై’ అనే ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా