తప్పు అక్టోబరుది కాదు బిడ్డా

హనుమకొండ,
9 నవంబరు 2025, ఆదివారం

బిడ్డా,

దేశం తిరుగుతూ నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఖర్చుల షీటు రెండూ చౌరస్తాకు పోయి ప్రింటు తీయించుకొచ్చాను. ఫోన్‌లో లెక్కలు చూడడం నాకు చేతకాదు. వేలు కాస్త జరిగితే అంకె ఎటో పోతుంది, మళ్ళీ దొరకదు. 12 పేజీలు వచ్చాయి. ఇవాళ ఎనుమాముల మార్కెట్ యార్డుకు సెలవు కదా, పొద్దున చాయ్ తాగి కూర్చున్నవాణ్ణి మధ్యాహ్నం అన్నానికే లేచాను. "సావుకారు లెక్కలు చాలవని బిడ్డ లెక్కలు కూడానా" అని మీ అమ్మ ఒకటే గొణుగుడు. గొణుగుతూనే పక్కన కూర్చుని ఎంత తేలిందని నాలుగుసార్లు అడిగింది.

"బాపూ, అక్టోబరులో 26,300 అయ్యాయి, ఇక నాతో కాదు, వచ్చేస్తా" అని నువ్వు ఏడ్చిన రోజు నేనేమీ అనలేదు. నీకు కోపం వచ్చి ఉంటుంది. పుస్తకం చూడకుండా నోరు విప్పే అలవాటు నాకు లేదు, అంతే. ఇప్పుడు చూశాను. ఇంటికి రావాలనిపిస్తే రా, మన ఇల్లే కదా. పైసలు అయిపోతున్నాయని మాత్రం రావద్దు. నువ్వు భయపడ్డ లెక్క తప్పు లెక్క.

ముందు మొత్తం చెప్తాను. నువ్వు ట్యూషన్లు చెప్పి, తర్వాత ఏడాది ఉద్యోగం చేసి కూడబెట్టింది 1,80,000. ఆగస్టు నుంచి మే ఆఖరు వరకు 10 నెలలు. నెలకు 18,000 అని నువ్వు గీత గీసుకున్నావు. ఆగస్టులో 16,400, సెప్టెంబరులో 17,900, అక్టోబరులో 26,300. మొదటి రెండు నెలలు గీత లోపల ఉన్నాయి కాబట్టి మంచివనీ, మూడోది దాటింది కాబట్టి చెడ్డదనీ అనుకున్నావు.

అక్టోబరు పేజీలు విప్పి చూస్తే అందులో నవంబరు నెలంతటికీ ముందే కట్టిన పడక అద్దె 6,000 ఉంది. పఠాన్‌కోట్ నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి గువాహటికి డిసెంబరులో పోయే రెండు రైలు టికెట్లు 1,400. స్వెట్టరు, చలికోటు, బూట్లు కలిపి 3,800. ఇవి అక్టోబరులో చెల్లించినవే గానీ అక్టోబరు ఖర్చులు కావు బిడ్డా. మా దుకాణంలో రాబోయే సీజనుకు గోనె సంచులు ముందే కొంటాం. ఆ పైసలు ఆ రోజు గల్లాలోంచి పోతాయి, నిజమే. కానీ ఆ నెల నష్టం వచ్చిందని సావుకారు నెత్తిన చేతులు పెట్టుకోడు. సరుకు గోదాములో ఉంది కదా. నీ నవంబరు పడక, నీ రైలు టికెట్లు కూడా గోదాములో ఉన్న సరుకే. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. మునుపు 120 రోజులు ఉండేది. అంటే ప్రయాణం ఒక నెలలో, దాని ఖర్చు అంతకు ముందు నెలలో పడడం నీకు ఎప్పుడూ ఉండేదే. దానికి ఒక పద్దు పెట్టుకోవాలి: "ముందు కట్టినవి". ప్రయాణం చేసిన నాడు అక్కడి నుంచి తీసి ఆ నెలలో రాయాలి.

ఆ 6,000, 1,400, చలి సామాన్ల 3,800 తీసేస్తే అక్టోబరులో నువ్వు నిజంగా తిని, తిరిగి, పడుకున్న ఖర్చు 15,100. కోటు, బూట్లు మే వరకు వాడుతావు కాబట్టి 8 నెలలకు పంచాను, నెలకు 475. కలిపితే 15,575. రోజుకు 502 రూపాయలు. నువ్వు ఏడ్చిన నెల ఇది!

సెప్టెంబరుకు వస్తాను. ఆ నెల చూసే నేను ఎక్కువసేపు ఆగిపోయాను.

17,900. గీతకు వంద తక్కువ. "భలే చేశా బాపూ" అని మెసేజ్ కూడా పెట్టావు. కానీ ఆ నెలలో 12 రోజులు ఢిల్లీలో మీ అన్నయ్య ఇంట్లో ఉన్నావు. పడక వాళ్ళదే, తిండి వాళ్ళదే, మెట్రో కార్డు కూడా మీ వదినెదేనట. నువ్వు జేబులో చెయ్యి పెడితే ఊరుకోలేదని తనే ఫోన్‌లో చెప్పింది. అంటే 17,900 నువ్వు ఖర్చు పెట్టింది 30 రోజుల్లో కాదు, 18 రోజుల్లో. భాగించి చూడు. రోజుకు 994.

నీ దగ్గర ఉన్న మొత్తాన్ని 304 రోజులకు పంచితే రోజుకు వచ్చేది 592. వదినె చేతి అన్నం లేకపోతే సెప్టెంబరు ఏమయ్యేదో చూడు. ఇప్పుడు మిగిలింది కూడా ఆ చొప్పున పోతే మార్చి మొదటి వారానికే చేయి ఖాళీ. నెలకు ఒక అంకె పెట్టుకుంటే ఇదే చిక్కు, చుట్టాల ఇంట్లో తిన్న అన్నం ఆ అంకె వెనక దాక్కుంటుంది. ఇంటి దగ్గర జీతం మీద బతికేవాళ్ళకు నెల సరిపోతుంది, అద్దె నెలకే, పాలవాడు నెలకే, కరెంటు బిల్లు నెలకే కాబట్టి. తిరిగే మనిషికి రోజే లెక్క. అది కూడా సొంత పైసలతో గడిచిన రోజు.

ఆ 18 రోజుల్లో ఏమైందో చెప్తాను. లక్నో, ఆగ్రా, మథుర, జైపూర్, పుష్కర్, ఉదయ్‌పూర్. ఆరు ఊళ్ళు. రైలు, బస్సు టికెట్లు 4,300. పడక రాత్రికి 300 చొప్పున 5,400. ఆటోలు 2,600. తిండి 2,700. "ఇతరములు" 2,900. టికెట్ల గురించి నేనేమీ అనను, తిరగడానికే పోయావు. కానీ వందల కిలోమీటర్లు మోసిన రైళ్ళకు, బస్సులకు కలిపి 4,300 అయితే, స్టేషన్ నుంచి రూముకు తీసుకుపోయిన ఆటోలకు 2,600 ఏమిటి? ఇక్కడ ఆర్టీసీలో జీరో టికెట్ చూపించి ఎక్కి దిగిన అలవాటు నీది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు కిరాయి అనే ఖర్చే మన ఇంటి లెక్కలో లేదు. బయటి రాష్ట్రాల్లో మన జీరో టికెట్ చెల్లదు. కర్ణాటకలో శక్తి పథకం ఉన్నా అది అక్కడి ఆడవాళ్ళకే. అందుకేనేమో, ఊళ్ళో తిరిగే ఖర్చుకు నీ షీటులో మొదట్లో గడే లేదు. ఆటోల గడి సెప్టెంబరు మధ్యలో పుట్టింది.

ఇంకో సంగతి. ఒకే చోట నెల ఉంటే పడక రాత్రికి 200 పడింది, ఊరూరా మారితే 300. అక్టోబరులో నువ్వు ఊరు మారింది 4 సార్లే. కదలని 27 రోజులకు 10,500 అయింది, అంటే రోజుకు 389. కదిలిన 4 రోజులకు 4,600, అంటే రోజుకు 1,150. ఒక కదలిక మూడు రోజుల బతుకు బిడ్డా. నిన్ను కదలవద్దు అనడం లేదు. కొత్త ఊరికి టికెట్ తీసే ముందు టికెట్ ధర కాదు, ఆ 1,150 తలచుకో.

ఆ 2,900 "ఇతరముల" సంగతి. ఈ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎనుమాములలో రైతుకు మేమిచ్చే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ నువ్వు చిన్నప్పుడు చూశావు. బస్తాలు, తూకం, ధర, ఆ కింద హమాలీకి ఇంత, తూకం వేసే దడ్వాయికి ఇంత అని విడివిడిగా కోత రాస్తాం. "ఇతరములు 200" అని రాసి ఇస్తే రైతు చొక్కా పట్టుకుంటాడు, పట్టుకోవాలి కూడా. నిన్ను నువ్వు ఎందుకు అడగవు మరి? 18 రోజుల తిండి 2,700 అని రాశావు, రోజుకు 150. మూడు పూటలు, నీ చాయ్‌లు కలిపి 150లో అయ్యాయంటే మీ నానమ్మ కూడా నమ్మదు. ఆ ఇతరములు చాయ్‌లూ నీళ్ళ సీసాలూ స్టేషన్ల దగ్గర సమోసాలూ అనే నా అనుమానం. పెద్ద తప్పేమీ కాదు. పేరు పెట్టి రాయి, చాలు.

ఫోన్‌లో స్కాన్ చేసి కడితే అన్నీ దానంతటవే రికార్డు అవుతాయని నువ్వన్నావు. అవుతాయి. ఎవరికి పోయిందో ఉంటుంది, ఎందుకు పోయిందో ఉండదు. నీ స్టేట్‌మెంటులో ఒకే మనిషి పేరు మీద 11 సార్లు 20, 40, 60 ఉన్నాయి. చాయ్ బండి అనుకున్నాను. మీ అమ్మ బట్టలు ఉతికే మనిషి అంటుంది. నీకైనా గుర్తుందా?

నగదు ఇంకా అన్యాయం. అక్టోబరులో వేరే బ్యాంకు ఏటీఎంలో 500 చొప్పున 7 సార్లు తీశావు. వేరే బ్యాంకులో నెలకు పెద్ద నగరాల్లో 3 సార్లు, మిగతా చోట్ల 5 సార్లే ఉచితం. ఆ పైన తీసిన ప్రతిసారీ 23 రూపాయలు, దాని మీద జీఎస్టీ. 27.14 అని రెండు చోట్ల ఉంది చూడు. 500 తీయడానికి 27 కట్టడమంటే అది మిత్తికి తెచ్చుకోవడం కన్నా ఘోరం. రెండు వేలు ఒకేసారి తీసి, 500 పర్సులో ఉంచి మిగతాది బ్యాగులో దాచుకో.

నా సొంత సంగతి ఒకటి చెప్తాను, మీ అమ్మకు కూడా సగమే తెలుసు. నేను గుమాస్తాగా చేరిన మొదటి ఏడాది, మిర్చి సీజను. యార్డు నిండా ఎర్రగా బస్తాలు, ఊపిరాడదు, కళ్ళు మంటలు. మూడు రోజులు చిట్టా రాయలేదు. అన్నీ తలలో ఉన్నాయి, ఆదివారం కూర్చుని రాద్దామనుకున్నాను. ఆదివారం రాస్తే 640 రూపాయలు తక్కువ వచ్చాయి. అప్పుడు నా జీతం 1,100. నేను తీయలేదు, ఎవరూ తీయలేదు, ఎవరికో ఇచ్చి మరిచాను. ఎవరికిచ్చానో ఈ రోజుకూ తెలియదు. రెండు నెలల్లో నా జీతంలోంచి పట్టుకున్నారు. ఒకడు హమాలీ అడ్వాన్సు అడిగినట్టు ఇప్పటికీ లీలగా గుర్తొస్తుంది, ఎవరో ముఖం గుర్తురాదు. అప్పటి నుంచి షట్టరు దించే ముందు ఆ రోజు మిగిలింది లెక్కేసి నిలవ కట్టకుండా ఇంటికి రాలేదు. మీ అమ్మ కానుపు నొప్పులు పడ్డ రాత్రి ఒక్కటి తప్ప. మర్నాడు పొద్దున పోయి కట్టాను.

నువ్వు కూడా పడుకునే ముందు నిలవ కట్టు. ప్రతి చాయ్ గుర్తుండకపోయినా సరే. పొద్దున బ్యాంకులో ఎంత, పర్సులో ఎంత ఉంది, రాత్రికి ఎంత ఉంది. తేడా ఆ రోజు ఖర్చు. అది ఎవరూ అబద్ధం చేయలేరు. ఆ తేడాను పడక, తిండి, కదలిక అని మూడు పాళ్ళు చెయ్యి. ఏదైనా మిగిలితే దాని పేరు రాయి. ఐదు నిమిషాల పని. ఆ పక్కనే ఆ రోజు ఏ ఊళ్ళో ఉన్నావో, పడకకు ఎవరు పైసలు పెట్టారో రాయి. వదినె ఇంట్లో ఉంటే "వదినె" అని రాయి, సున్నా అని కాదు.

ఇక అక్టోబరు ఆఖరుకు నీ దగ్గర మిగిలింది. ఖాతాలో 1,19,400. గోదాములో 7,400 సరుకు. కలిపి 1,26,800. మిగిలిన రోజులు 212. రోజుకు 598. మొదట బయలుదేరినప్పుడు 592 ఉండేది కదా, అంటే మూడు నెలలు తిరిగి ఆరు రూపాయలు సంపాదించావు. ఆ పుణ్యం వదినెదే అయినా సరే.

అందులో 5,000 మాత్రం ముట్టకు. మొన్న మొంథా తుఫానుకు హనుమకొండ, వరంగల్ రెండూ నీట మునిగాయి, నీకు వీడియోలు పంపాను. మన వీధిలో మోకాలి దాకా వచ్చాయి. యార్డులో, చేలల్లో పత్తి తడిసి రైతులు ఏడ్చారు. ఆ రెండు రోజులు నువ్వు కాజీపేటలో దిగాలన్నా దారి లేకపోయేది. అట్లాంటి రోజు ఏ ఊళ్ళో ఎదురైనా రూము తీసుకుని రెండు రోజులు కూర్చోవడానికి, లేదా దొరికిన రైలెక్కి ఇంటికి రావడానికి ఆ 5,000. అది తీసేస్తే రోజుకు 574 పడుతుంది. 550 అనుకుని బతుకు. నువ్వు ఒకే చోట ఉన్నప్పుడు 389లో బతికినదానివే.

దీపావళికి దుకాణంలో కొత్త పుస్తకాలకు పూజ చేసినప్పుడు ఒక చిన్నది నీకోసం పక్కన పెట్టించాను. ఎర్ర అట్టది, జేబులో పడుతుంది. మొదటి పేజీ నేనే రాశాను: ముందు నిలవ 1,19,400, ముందు కట్టినవి 7,400. ఆ కింద నుంచి నీది. నవంబరు మొదటి వారం ఖర్చు నాకు తెలియదు కాబట్టి ఎనిమిది గీతలు ఖాళీగా వదిలాను. రేపు పొద్దున యార్డుకు పోతూ పోస్టాఫీసులో వేస్తాను. రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, అందుకే స్పీడ్ పోస్టులోనే. పుస్తకంతో పాటు మీ అమ్మ కారప్పొడి కూడా పెడుతోంది. వద్దంటే వినదు, అక్కడ పప్పులో కారం ఉండదట.

ఇవాళ్టి నా చిట్టాలో నీ పేరు మీద ప్రింటు 24, పుస్తకం 40 రాసుకున్నాను. పోస్టు ఖర్చు రేపు తెలుస్తుంది.

మీ బాపు