అమరావతి శిల్పాలకు మొదట మంచి ఫొటోలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

సాంస్కృతిక దౌత్యం అనగానే విగ్రహం పక్కన ఇద్దరు ప్రధానులు నిలబడ్డ ఫొటో గుర్తొస్తుంది. నిజంగా పనిచేసేది అంతకు ఏళ్ల ముందు ఎవరో తీసి దాచిన పాత ఫొటో. తమిళనాడు శ్రీపురందాన్ గుడిలో చోరీ అయి, ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ గ్యాలరీ 2008లో 50 లక్షల అమెరికా డాలర్లు పోసి కొన్న నటరాజు 2014లో మనకు తిరిగొచ్చాడంటే, అది గుడిలో ఉండగా 1994లో తీసిన ఫొటో పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండబట్టే. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పఫలకం 2016లో అదే గ్యాలరీ నుంచి వెనక్కి రావడానికీ పాత ఫొటోయే ఆధారమైంది.

మరి చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి స్తూపం శిల్పాల సంగతి? అదే స్తూపానివి 1859లో మద్రాసు నుంచి ఓడెక్కినవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తిరిగి ఇచ్చేయమని సభల్లో అడగడం తేలికే. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం అక్కడి ట్రస్టీల చేతులు కట్టేసింది. చేతనైన పని వేరే ఉంది: ఒకే స్తూపం ముక్కల్ని రెండు చోట్లా కొలిచి జతచూడటం, ఉమ్మడి జాబితా, కొన్నాళ్ల పాటు ప్రదర్శనకు ఎరువుగా (తిరిగిచ్చే ఒప్పందంతో) ఇచ్చిపుచ్చుకోవడం.

ఎరువుకు మన రాళ్లు సిద్ధంగా ఉండాలి కదా. వీటిని ఒకప్పుడు గోడల్లోకి సిమెంటుతో బిగించారు. సిమెంటులోని లవణాలు తేమతోపాటు సున్నపురాయిలోకి ఎక్కుతాయి, ఆరాక పలుకులు కట్టి పైపొరను పెచ్చులుగా లేపుతాయి. అలాంటి ఫలకం లారీ కుదుపులకే రాలుతుంది.

అందుకే ప్రతి ఫలకానికీ స్థితి నివేదిక కావాలి. కొలతపట్టీ, రంగుల పట్టీ పక్కన పెట్టి అన్ని వైపులా ఫొటోలు. పగుళ్లు పట్టిచ్చేలా పక్కనుంచి ఏటవాలు వెలుతురులో మరొకటి. ప్రతి పగులు పొడవూ రాసిపెట్టడం. బయలుదేరేటప్పుడు, చేరాక, తిరిగొచ్చాక ఇరుపక్షాలూ దానిమీదే సంతకం చేయాలి. లేకపోతే ముక్క ఎక్కడ విరిగిందో తేలదు, బీమా సొమ్ము చేతికి రాదు. 1972 పురావస్తు చట్టం కింద కేంద్రం అనుమతి ఎలాగూ తప్పదు, అది కాగితాల పని.

రాళ్లే కాదు, కంచు విగ్రహాలు ఎరువుకు పంపినా వాటికి అసలు గండం తిరుగు ప్రయాణం. చల్లబడ్డ పెట్టెను చెన్నై ఉక్కలో దిగిన వెంటనే తెరిస్తే లోహం మీద నీరు పడుతుంది. లోపల క్లోరైడ్లు (ఉప్పులో ఉండేలాంటి లవణాలు) ఉంటే ఆకుపచ్చ పొడి రేగి కంచును తినేస్తుంది. పెట్టెను కనీసం 24 గంటలు మూతతోనే ఉంచాలి. స్వాగత సభ కోసం ఆత్రపడి ముందే తెరిపించే పెద్దలకు ఈ మాట చెప్పే ధైర్యం క్యూరేటర్‌కు ఉండాలి.

ఫలకానికో పేజీ చొప్పున ఈ నివేదికలు తయారుచేసి, ఫొటోలతో సహా అందరికీ కనబడేలా ఇంటర్నెట్‌లో పెట్టమని తమిళనాడు మ్యూజియంల శాఖను కోరుతున్నాం. పనిలో పనిగా ఆ పేజీల్లో తెలుగు వివరణ కూడా ఉంటే గుంటూరు, పల్నాడు బడిపిల్లలు చదువుకుంటారు.

— పురావస్తు సంరక్షణ పనిలో ఉన్న కొందరు పాఠకులు, చెన్నై