వార్షిక నివేదిక 2024–25: సెల్లారులో అడ్డంకుల బాట

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టు, బోరు, జనరేటరు, వాచ్‌మన్ గది మరమ్మతు, వీటన్నిటి లెక్కలు జతపరిచిన పట్టికలో ఉన్నాయి. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి, రసీదులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. మామూలుగా ఈ నివేదికలో సగం నీళ్ల ట్యాంకర్ల కథే ఉంటుంది. ఈసారి పిల్లల ఆట గురించి, అంటే పాకుతూ, గెంతుతూ అడ్డంకులు దాటుకుంటూ పోయేలా మన సెల్లారులో వేసిన బాట గురించి రాస్తున్నాను. ఏడాది పొడవునా కమిటీలో ఎక్కువ వాదన జరిగింది దాని మీదే, అన్నిటికంటే తక్కువ డబ్బు ఖర్చయిందీ దాని మీదే.

మన విజయవాడ పటమటలో స్థలం ఎంత ఖరీదో అందరికీ తెలుసు. బిల్డరు వదిలిన ఖాళీ జాగాలో జనరేటరు, చెత్త డబ్బాలు, తులసికోట పోగా మిగిలినచోట క్రికెట్ ఆడితే రెండో బంతికే ఎవరిదో కిటికీ అద్దం పోతుంది. గేటు దాటితే బళ్ల రద్దీ. వేసవిలో పొద్దున్న ఎనిమిది దాటాక డాబా మీద కాలు పెట్టలేం. పిల్లలు స్కూలు బస్సు దిగి ట్యూషన్‌కు వెళ్లడం, అక్కడినుంచి వచ్చి సోఫాలో ఫోను పట్టుకోవడం తప్ప మరో దారి మనం వాళ్లకు ఉంచలేదు. తర్వాత ‘ఫోను వదలడు’ అని వాళ్లనే తిడుతున్నాం.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేంత శారీరక శ్రమ ఉండాలనీ, ఎముకలకూ కండరాలకూ బలమిచ్చే పని వారంలో కనీసం 3 రోజులు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. మీ పిల్లలకు ఈ గంట దొరుకుతోందా అని కమిటీ తరఫున అడిగితే చాలామంది నవ్వి ఊరుకున్నారు. ఇది మన ఒక్క అపార్టుమెంటు సంగతి కాదు. ప్రపంచం మొత్తం మీద 11–17 ఏళ్ల వారిలో నూటికి 81 మందికి ఆ గంట దక్కడం లేదని ఆ సంస్థ పరిశోధకులు 2016 నాటి వివరాలను లెక్కగట్టి 2019లో ప్రకటించారు. అబ్బాయిల్లో 78 మంది, అమ్మాయిల్లో 85 మంది. ఈ అమ్మాయిల అంకె దగ్గరికి మళ్లీ వస్తాను.

కిందటి సర్వసభ్య సమావేశంలో జారుడుబల్ల, నిచ్చెన ఉన్న రంగుల ప్లాస్టిక్ సెట్టు కొందామని ప్రతిపాదన వచ్చింది. కమిటీ దాన్ని పక్కన పెట్టడానికి ధర ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఆరేళ్లు దాటిన పిల్లలకు అలాంటివి వారంలో మొహం మొత్తుతాయి, ఒకసారి బిగించాక వాటిని మార్చే వీలూ ఉండదు. సైన్యంలో పనిచేసి వచ్చిన రెండో అంతస్తు సుబేదారు గారు అప్పుడే లేచి, సామాను సంగతి తాను చూసుకుంటానని, ఆదివారం పొద్దున్న సెల్లారులో కాస్త జాగా ఇప్పిస్తే చాలని అన్నారు.

తొలి ఆదివారం ఆయన పిల్లలకు జార్జ్ హెబెర్ గురించి చెప్పారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఫ్రెంచి నౌకాదళ అధికారి నడక, పరుగు, గెంతడం, పాకడం, ఎక్కడం, మోయడం, విసరడం వంటి సహజమైన పనులతోనే వ్యాయామ పద్ధతి ఒకటి రూపొందించాడు. సైనిక శిక్షణలోని అడ్డంకుల బాట మీద దాని ప్రభావం ఉంది. పిల్లలు ఈ పాఠం విన్నది తక్కువ, టైర్లు దొర్లించింది ఎక్కువ.

సామానంతా మన ఇళ్లలోంచే వచ్చింది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు రెండు వైపులా కోసేస్తే సొరంగం. పాత మంచం విప్పగా వచ్చిన నవ్వారును స్తంభాల మధ్య అడ్డదిడ్డంగా కడితే, ఒళ్లు తగలకుండా దూరిపోవలసిన వల. సెంట్రింగ్ చెక్కను ఇటుకల మీద పెడితే నడిచే దూలం. ఒక ఇటుక ఎత్తు మించకూడదని సుబేదారు గారి ఆజ్ఞ, పడితే నేల మీదే పడాలి. బియ్యం గోతాలతో గెంతాలి. సగం నీళ్లు పోసిన బిందెను చంకన పెట్టుకుని ర్యాంపు ఎక్కి, తొణక్కుండా దిగాలి. బిందె ఎత్తడం రాని పిల్లలు ఇంతమంది ఉన్నారని ఆ రోజే తెలిసింది, కుళాయిలు వచ్చాక పుట్టినవాళ్లు కదా.

మూడో అంతస్తు మామ్మగారు సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, ఒంటికాలి మీద బిళ్లను ఎలా నెట్టాలో స్వయంగా చూపించారు. డెబ్భై దాటిన మనిషి గళ్లు గెంతుతుంటే కోడలు గారికి గుండె ఆగినంత పనయింది. పిల్లలు మాత్రం మళ్లీ మళ్లీ అడిగారు. బాట చివర ఏడుపెంకులు. బంతితో దొంతర పడగొట్టి, తిరిగి పేర్చితేనే ముగిసినట్టు. ఆయాసంతో చేతులు వణుకుతున్నప్పుడు పెంకు మీద పెంకు నిలబెట్టడం ఎంత కష్టమో చేసి చూస్తే గాని తెలియదు. కొందరు తండ్రులు చేసి చూశారు. వాళ్ల ఫలితాలు ఇక్కడ రాయడం లేదు.

టైర్ల గురించి ఒక హెచ్చరిక. టైరు లోపల నిలిచిన వాన నీరు డెంగీ దోమకు పుట్టిల్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే టైర్లన్నిటికీ అడుగున రంధ్రాలు పెట్టించాం. ఆట అయ్యాక వాటిని డాబా మీదో ప్రహరీ పక్కనో పడేయకుండా సెల్లారు లోపలి గోడకు నిలబెడుతున్నాం. శుక్రవారం పూలకుండీల పళ్లేలతో పాటు వాటినీ చూడమని వాచ్‌మన్‌కు చెప్పాం.

ఇక కార్ల గొడవ. ఆదివారం 6 నుంచి 8 దాకా దక్షిణం వరస కార్లు బయట పెట్టుకోవాలన్న తీర్మానం ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. నిద్ర పాడవుతోందన్నవారి బాధ న్యాయమైనదే. అందుకే శనివారం రాత్రే కారు బయట పెట్టేవారికి గేటు పక్క జాగా ముందుగా ఇస్తున్నాం. ఒక కారుకు గీత పడిందన్న ఫిర్యాదును కమిటీ స్వయంగా వెళ్లి చూసింది. అది సుద్ద గీత, తడిగుడ్డకు పోయింది. పిల్లలు గోల చేస్తున్నారని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చినవారికి నా జవాబు ఒకటే: చేస్తున్నారు. పిల్లలు లేని నిశ్శబ్దం కావాలంటే వారంలో మిగతా రోజులన్నీ ఉన్నాయి.

2024 సెప్టెంబరు మొదటి వారం ఎవరూ మరిచిపోలేరు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. మన సెల్లారులోనూ వాన నీరు చేరితే మోటారు పెట్టి తోడించాం, మనకు జరిగింది అంతవరకే. ముంపు ప్రాంతాల నుంచి బంధువులు వచ్చి మన ఇళ్లలో తలదాచుకున్నారు. వాళ్ల పిల్లలకు బడి లేదు, పుస్తకాలు లేవు, బట్టలు కూడా అరువే. పెద్దవాళ్లు ఫోన్లలో మునిగి ఉన్న ఆ రోజుల్లో మొదటి అంతస్తు వరండాలో బాట వేసింది మన ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు. వరండాలో చప్పుడు చేస్తే పెద్దలు ఒప్పుకోరు గనుక ఆ అమ్మాయి ఆ చప్పుడునే అడ్డంకిగా మార్చింది. మునివేళ్ల మీద నడవాలి, స్టీలు గ్లాసుల మధ్య పాకాలి, గ్లాసు మోగితే మొదటికి రావాలి. ఇరవై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి వరండా అంతా పాకడం నేను చూశాను. ఈ ఏడాది మన సంఘంలో ఇంతకంటే తెలివైన ఆలోచన ఎవరికీ రాలేదు, కమిటీతో సహా.

దెబ్బల సంగతీ చెప్పాలి. మోకాళ్లు, మోచేతులు గీరుకుపోవడం మామూలే. దసరా సెలవుల్లో ఒక బాబు తడి నేల మీద జారి, మణికట్టు ఎముక స్వల్పంగా చిట్లింది. కట్టు విప్పాక మళ్లీ వస్తున్నాడు. అప్పటినుంచి బిందె నీళ్లు ఒలికే చోటును ర్యాంపుకే పరిమితం చేసి గోనె పరిచాం. మేజోళ్లతో పరుగెత్తడం నిషేధం, చెప్పులతోనూ అంతే. ఒట్టి కాళ్లు గానీ, లేసులు కట్టిన బూట్లు గానీ. పెద్దవాళ్లు ఇద్దరు లేకుండా బాట తెరవం. వేసవిలో 7.30కే ముగించి మజ్జిగ ఇస్తున్నాం. మజ్జిగ ఖర్చు పట్టికలో ‘ఇతరములు’ కింద ఉంది.

సంక్రాంతి ముగ్గుల పోటీతో పాటు స్టాప్‌వాచ్ పెట్టి పందెం నిర్వహించాం. గెలిచేవాళ్లు ఎవరో మొదటే తెలిసిపోయింది. చిన్నపిల్లలు ఏడ్చారు, బొద్దుగా ఉండే ఇద్దరు మరుసటి ఆదివారం కిందికే దిగలేదు. ఎవరు బాగా కదలాలని ఇదంతా మొదలుపెట్టామో వాళ్లే దూరమయ్యారు. ఇప్పుడు పెద్ద పిల్లకు చిన్న పిల్లను జత చేసి, మూడు కాళ్ల పరుగులా కాళ్లు కట్టి పంపుతున్నాం. గడియారం చూసుకునేవాళ్లు తమ కిందటి వారం సమయంతోనే పోల్చుకోవాలి. ఆ ఇద్దరినీ మామ్మగారు ఇంటికి వెళ్లి తీసుకొచ్చారు.

అమ్మాయిల అంకె దగ్గరికి వస్తాను. మన దగ్గరా ఏడో తరగతి దాటిన అమ్మాయిలు కిందికి వచ్చేవారు, కానీ గడియారం పట్టుకోవడానికి, తమ్ముళ్లను చూసుకోవడానికి. ఆడమని బతిమాలితే సిగ్గుపడ్డారు. వరండా బాట తర్వాత సుబేదారు గారు వారం వారం బాట మార్చే పని పూర్తిగా వాళ్లకే అప్పగించారు. కట్టినవాళ్లు ముందు తాము దాటి చూపించాలన్నది నియమం. ఇప్పుడు సెల్లారులో అన్నిటికంటే కష్టమైన వల కడుతున్నదీ, అందులోంచి నవ్వారు కదలకుండా బయటపడుతున్నదీ వాళ్లే. వాళ్లకు అనువుగా బుధవారం సాయంత్రం కూడా ఒక గంట పెట్టాం. ట్యూషన్ వేళ మార్చుకున్న తల్లిదండ్రులకు కృతజ్ఞతలు, మార్చుకోని వారికి మరోసారి విజ్ఞప్తి.

నోటీసు బోర్డు మీద పిల్లలు అంటించిన కాగితం చూసే ఉంటారు. 1912 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న మోడ్రన్ పెంటాథ్లాన్ అనే ఐదు అంశాల పోటీలో గుర్రపు స్వారీ తీసేసి, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల నుంచి అడ్డంకుల పరుగు పెడుతున్నారు. అది నిజమే. దాని కింద ‘మన సెల్లారు నుంచి ఒకరు’ అని రాసింది ఎవరో తెలియదు, తీయవద్దని వాచ్‌మన్‌కు చెప్పాను.

వచ్చే ఏడాదికి కమిటీ ప్రతిపాదనలు మూడు. సెల్లారులో బాట వేసే వరస మీద రెండు ట్యూబులైట్లు అదనంగా వేయించడం. దూలం చెక్క కింద పరచడానికి కోనసీమ కొబ్బరి పీచు పట్టాలు కొనడం. దక్షిణం వరస కార్ల తీర్మానాన్ని మరో ఏడాది పొడిగించడం. మూడోదానికి ఓటింగు ఉంటుంది, దయచేసి నిద్ర లేచి రండి.

పాత టైర్లు ఇక ఇవ్వకండి, పెట్టడానికి చోటు లేదు. గోనె సంచులు చిరిగిపోతున్నాయి. మీ ఇంట్లో ఉంటే ఆదివారం లోపు వాచ్‌మన్ గదిలో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి