చెవులపిల్లి కూనలకు ఈ 'రక్షణ' అక్కర్లేదు

సంపాదకుడు గారికి,

పత్తి చేనులో దొరికిన కూనల్ని కొందరు యువకులు కాపాడి అటవీ సిబ్బందికి ఇచ్చారంటూ పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన 'తల్లి లేని కుందేలు పిల్లలు' వార్త చూసి ఊరుకుందామనే అనుకున్నాను. తెలిసినవాళ్లు ఎవరైనా రాస్తారులే అనుకున్నాను. ఎవరూ రాయలేదు సరికదా, ఆదివారం అదే వార్తను 'మానవత్వం చాటిన యువకులు' అంటూ రంగుల్లో మళ్లీ వేశారు.

ఆ పిల్లగాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ దేవరకొండ వైపు పత్తి చేనులో వాళ్లు చేసింది తల్లి ఉన్న కూనల్ని ఎత్తుకుపోవడం. మన చెలకల్లో తిరిగే చెవులపిల్లి, అంటే మన నాటు కుందేలు, బొరియ తవ్వదు. గడ్డి దుబ్బు చాటునో, తంగేడు పొద కిందో ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని పగలంతా అందులోనే నక్కి ఉంటుంది. కూనలు కూడా అలా నేల మీదే పుడతాయి, ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో. తల్లి పక్కనే కూర్చుంటే నక్కకో ఊరకుక్కకో జాడ దొరుకుతుంది. అందుకే ఎడంగా ఉండి, చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. అప్పటిదాకా కదలకుండా పడి ఉండడమే కూనలకు తెలిసిన కాపుదల. మీ విలేకరి దాన్నే 'ఆకలితో నీరసించి' అని రాశారు.

ఆయనకు తెలియదనుకుందాం. మరి ఫొటో? వార్త పత్తి చేనులోని కూనల గురించి, బొమ్మేమో ఎర్రకళ్ల తెల్ల కుందేలుది, ముందు క్యారెట్‌తో సహా. ఆ తెల్లది స్పెయిన్, పోర్చుగల్ వైపు అడవి కుందేలు నుంచి మనుషులు పెంచి తీసిన రకం. బొరియల్లో గుంపుగా బతికేది, కళ్లు తెరవని బోడి పిల్లల్ని కనేది అది. మనది ఒంటరిగా తిరిగేది. గోధుమ రంగు ఒళ్లు, మెడ వెనక నల్లమచ్చ. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1823లోనే దీన్ని లోకానికి చెప్పాడు, మీ పేజీకి ఇంకా చేరలేదు. ఆ రెండింటికీ కలిపి పిల్లలు కూడా పుట్టవు. దానికి 44 క్రోమోజోములు, దీనికి 48. ఇక 'ఎలుక జాతికి చెందిన ఈ జీవి' అన్న వాక్యం ఎక్కడిదో! ఎలుకకు పైన ముందు పళ్లు ఒకటే జత. వీటికి ఆ పళ్ల వెనక ఇంకో చిన్న జత ఉంటుంది, అందుకే వీటిని వేరే వర్గంలో పెట్టారు.

పాలు పట్టి, పెద్దయ్యాక నల్లమలలో వదులుతామని అటవీ సిబ్బంది చెప్పారట. బర్రె పాలు తాగించిన కూనలు కడుపు ఉబ్బి పోవడమే ఎక్కువ. దొరికిన చోటే పెట్టి దూరం జరగండి అని అప్పుడే చెబితే సరిపోయేది. కానీ అలా చెబితే ఫొటో రాదు కదా.

ఇదే సిబ్బంది రాత్రిళ్లు తలకు లైట్లు కట్టుకుని బైకుల మీద చెలకలు గాలించే వేటగాళ్లకు మాత్రం ఎదురుపడరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చెవులపిల్లిని వేటాడడం నేరం. హైవే ధాబాల్లో 'చెవులపిల్లి కూర దొరకును' అని బోర్డు పెట్టడం ఒక్కటే తక్కువ. అడవిపందులకని చేలల్లో పెట్టే కరెంటు తీగలకు పందులూ చస్తున్నాయి, చెవులపిల్లులూ చస్తున్నాయి, మనుషులూ చస్తున్నారు. పల్లి చేనులో, కంది మొలకల్లో ఇవి మేస్తాయని రైతులు అంటారు, నిజమే, కానీ పందులు చేసే నాశనంలో అది ఏ మూలకు? గట్ల మీద గడ్డి మందు కొట్టాక దాక్కోను దుబ్బు కూడా మిగల్లేదు. సాగర్ రోడ్డు మీద మాల్ ఊరు దాటి, చింతపల్లి దాటి ఎటు చూసినా హద్దురాళ్లే. ఆ వెంచర్ల గేటు లోపల మాత్రం నోరు తెరిచిన సిమెంటు కుందేలు, అందులో చెత్త వేయాలి. జీవవైవిధ్యం కింద దీన్ని కూడా లెక్క రాస్తున్నారేమో తెలియదు.

అన్నట్టు, అదే పేజీ అడుగున పార్కులో తెల్ల కుందేళ్లను వదులుతున్న నాయకుడి ఫొటో కూడా వేశారు. 1859లో ఆస్ట్రేలియాలో ఒక దొర వేట సరదాకి రెండు డజన్ల కుందేళ్లను వదిలితే, అవి విపరీతంగా పెరిగి ఆ దేశం ఇప్పటికీ తంటాలు పడుతోంది. మన ఎండకు, మన కుక్కలకు ఇక్కడ అంత కాకపోవచ్చు, కానీ పెంపుడు జీవాన్ని అలా వదిలేయడం ప్రకృతి సేవ ఎలా అవుతుంది?

ఆ కూనలు బతికాయో లేదో దయచేసి కనుక్కుని రాయండి. సవరణ వేస్తే ఏ మూలనో రెండు లైన్లు కాకుండా వార్త వేసినంత చోటులోనే వేయండి. బొమ్మ కోసం ఇంటర్నెట్ వెతకొద్దు, మీ ఫొటోగ్రాఫర్‌ను పొద్దుగూకే వేళ ఏదైనా చెలక గట్టు మీదికి పంపండి.

- ఒక రిటైర్డ్ సైన్సు టీచర్, దేవరకొండ