అటవీ శాఖ మంత్రి గారికి: మా చిన్నాయన బల్లెం గురించి

గౌరవనీయులైన కర్ణాటక అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకునే తెలుగువాణ్ణి. మా చిన్నాయన వాళ్ళు ఆనేకల్ దగ్గర, బన్నేరుఘట్ట అడవి అంచున రాగి, అనుములు పండిస్తారు. పంట చేతికొచ్చే దాకా చిన్నాయన రాత్రంతా మంచె మీదే. పక్కన ఒక టార్చిలైటు, వాళ్ళ నాన్న కాలం నాటి బల్లెం.

పోయిన ఏడాది రాగి కంకి పాలు పోసుకుంటున్న రోజుల్లో అడవిపంది చేలో పడింది. చిన్నాయన అదిలించడానికి దిగాడు. అది పారిపోలేదు, ఎదురు తిరిగింది. బల్లెం దాని భుజంలో దిగింది కానీ పంది ఆగలేదు. మొన దిగిన ఊపులోనే కర్ర వెంబడి మీదికి వచ్చేసింది. పంది వేటకని చేసిన పాతకాలపు బల్లేలకు మొన కింద అడ్డంగా ఇనుప కమ్మీ ఉండేది, జంతువు అక్కడే ఆగిపోవాలని. మా బల్లేనికి అది లేదు. కోర తొడను చీల్చింది, పంతొమ్మిది కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే ఆయన అడిగిన మొదటి మాట: "బల్లెం ఎక్కడ పెట్టినారు? దాచేయండి."

మంత్రి గారూ, ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. తొడ చీలిన మనిషికి నొప్పి కంటే కేసు భయం ఎక్కువైంది.

నిజానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయన పక్షానే ఉంది. తన ప్రాణమో ఎదుటివారి ప్రాణమో కాపాడుకోవడానికి, సదుద్దేశంతో జంతువును గాయపరిచినా చంపినా నేరం కాదని 11వ సెక్షన్ చెబుతుంది. అడవిలోకి వేటకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడికి మాత్రం ఆ రక్షణ లేదు. అది న్యాయమే. కానీ అదే చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు వేయడం, తరమడం కూడా. అర్ధరాత్రి తన చేలోంచి పందిని తరిమే రైతు ఈ రెండింటి మధ్య ఎక్కడున్నట్టు? ఊళ్ళో ఎవరికీ తెలియదు.

నేను బల్లేన్ని సమర్థించడం లేదు. ఏనుగు ముందు అది పుల్లతో సమానం, గాయపడ్డ ఏనుగు ఇంకా ప్రమాదం. చిరుతను పొడిచి వదిలితే అది మరొకరి మీద పడొచ్చు. ఇంకా భయపెట్టేది, బల్లెం పట్టే ధైర్యం లేనివాళ్ళు బండి క్లచ్ వైరుతో పందికి ఉచ్చు పెడుతున్నారు. అందులో చిరుతలూ పడతాయి. ఉచ్చు వల్ల కాకపోయినా, 2023 నవంబరులో బెంగళూరులోని కూడ్లు గేట్ దగ్గర తిరిగిన చిరుత కూడా, పట్టుకునే ప్రయత్నంలో, చివరికి ప్రాణాలతో మిగల్లేదు. అది ఊళ్ళోకి వచ్చిన పాపం, పట్టుకోబోయిన సిబ్బంది పడ్డ టెన్షన్, రెండూ నాకు బాధే.

మన బెంగళూరు కస్తూర్బా రోడ్డు మ్యూజియంలో పదో శతాబ్దం నాటి ఆతకూరు శిలాశాసనం ఉంది. కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడి, రెండూ చచ్చిపోయిన కథ అందులో చెక్కారు. పంది కోర ఎంత పని చేస్తుందో ఈ నేలకు వెయ్యేళ్ళుగా తెలుసు. అయినా మా చిన్నాయన దాని ముందుకు ఒంటరిగానే దిగాల్సి వచ్చింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. 11వ సెక్షన్ ఏం అంటుందో కన్నడంలో, ఆనేకల్ వైపు తెలుగులో కూడా, ఒక్క పేజీలో అచ్చువేసి ప్రతి పంచాయతీ గోడకూ అంటించండి. జంతువు గాయపడితే ఎవరికి ఎంతసేపట్లో చెప్పాలో, చెప్పినవాణ్ణి ముద్దాయిలా చూడరని కూడా అందులో రాయండి. కోత అయ్యేదాకా అడవి అంచు ఊళ్ళకు రాత్రి గస్తీ బండి తిప్పండి, ఉచ్చులు ఏరే పనిలో ఊరి కుర్రాళ్ళకు కూలి ఇవ్వండి.

చిన్నాయన కుంటుతూనే ఈ ఏడాది కూడా మంచె కట్టాడు. బల్లెం కర్ర మార్చాడు. కంకి గట్టిపడేలోపు ఆ కాగితం ఊరికి చేరేలా చూడండి.

ఇట్లు,
బెంగళూరు నుంచి ఒక రైతు కుటుంబ సభ్యుడు