వాయిదా ముందు రోజు ఫోన్

షికాగో,
అక్టోబరు 19, 2025.

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేనిక్కడ కులాసా. ఫోన్లో అయితే మీరు "తిన్నావామ్మా" అని అడిగి రెండు నిమిషాల్లో అమ్మ చేతికి ఇచ్చేస్తారు. ఈ వారం సంగతులు అలా చెప్పేవి కావు, అందుకే కాగితం తీశాను. కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదవండి. అమ్మకి కూడా చదివి వినిపించండి, ముఖ్యంగా ఇటుక బట్టీ కుర్రాడి సంగతి వచ్చినచోట.

మా లా స్కూల్లో ఈ వారమంతా బయటివాళ్లని పిలిచి మాట్లాడించారు. క్లాసులు మామూలే. మధ్యాహ్నం భోజనం వేళ ఒక ప్రసంగం, సాయంత్రం ఇంకొకటి. డబ్బులేని మనిషికి కోర్టులో ఏం జరుగుతుంది అన్నదే వారమంతా విషయం. వచ్చినవాళ్లకి భోజనం వాళ్లే పెట్టారు, నాకు శాకాహారం విడిగా తెప్పించారు. నేను పస్తులు ఉండటం లేదని అమ్మకి చెప్పండి.

సోమవారం ఒక పబ్లిక్ డిఫెండర్ వచ్చింది. అంటే లాయర్‌ని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించడానికి ప్రభుత్వమే జీతమిచ్చి పెట్టుకున్న లాయర్. యాభై దాటిన మనిషి. చేతిలో నోట్సు లేదు, ఒక ఖాళీ కవరు మాత్రం ఉంది. ఆవిడ చెప్పింది బెయిలు గురించి.

ఈ రాష్ట్రంలో మొన్న మొన్నటిదాకా జడ్జి ఒక మొత్తం చెప్పేవాడట. ఎక్కువ కేసుల్లో అందులో పదో వంతు కోర్టు క్లర్కు దగ్గర కడితే ఇంటికి, లేకపోతే జైలుకి. వెయ్యి డాలర్లు లేక నెలల తరబడి లోపలున్నవాళ్లు, అంతకంటే పెద్ద కేసుల్లో డబ్బు కట్టేసి ఆ సాయంత్రమే ఇంట్లో భోంచేసినవాళ్లు, ఇద్దరినీ చూశానంది. 2023 సెప్టెంబరు 18 నుంచి ఇల్లినాయ్‌లో డబ్బు బెయిలు మొత్తంగా తీసేశారు. అమెరికాలో ఇలా చేసిన మొదటి రాష్ట్రం ఇదే. ఇప్పుడు ఒక మనిషిని లోపల ఉంచాలంటే, అతను ఎందుకు ప్రమాదమో, ఎందుకు పారిపోతాడో ప్రాసిక్యూటరు అర్జీ పెట్టి జడ్జి ముందు చూపించాలి. అంతేగానీ జేబులో ఎంత ఉందని అడగడానికి లేదు.

వింటుంటే నాకు మన రేకు పెట్టె గుర్తొచ్చింది నాన్నా. ఇంటి పన్ను రసీదులు పెట్టే పెట్టె.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలో పనికొచ్చిన కుర్రాడిని దొంగతనం కేసులో పెట్టారు. బెయిలు వచ్చింది. కానీ ఇద్దరు జామీనుదార్లు కావాలి, ఈ ప్రాంతంవాళ్లే కావాలి, ఇంటి పన్ను రసీదు చూపించాలి. భాషే రాని ఊళ్లో అతనికి ఇల్లున్న మనిషి ఎవరు తెలుస్తారు? బెయిలు ఆర్డరు చేతికొచ్చాక కూడా రెండు నెలలు లోపలే ఉన్నాడు. బట్టీ యజమాని మొహం చాటేశాడు. చివరికి మీరు జిరాక్స్ కొట్టు ఆయన్ని ఒప్పించి ఒక జామీనుగా తెచ్చారు. రెండో జామీనుకి రేకు పెట్టె తీశారు. మీ ప్లీడరుగారి గుమాస్తాగా మీరు ఆ పని చేయాల్సిన అవసరమే లేదు. "ఆడపిల్లలున్న ఇంటి కాగితం ఎవడో దారినపోయేవాడికి పెడతారా" అని అమ్మ రెండు రోజులు మీతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, మాట ఉండేది కాదు. ఆ రెండు రోజులూ నేను అమ్మ పక్షమే. ఇన్నేళ్లకి మీకు ఆ మాట చెప్తున్నాను.

ఆ కుర్రాడు ఒక్క వాయిదా కూడా తప్పలేదు. వాయిదా ముందు రోజు సాయంత్రం మీరు బట్టీ మేస్త్రీకి ఫోన్ చేసి, "రేపు పదింటికల్లా కోర్టులో ఉండాలని చెప్పు, బస్సు డబ్బులు లేకపోతే నన్ను అడగమను" అనేవారు. ప్రతి వాయిదాకీ అదే మాట.

సోమవారం ఆవిడ సరిగ్గా దీని గురించే మాట్లాడింది. వాయిదాకి రానివాళ్లలో ఎక్కువమంది పారిపోయేవాళ్లు కారు. తేదీ మర్చిపోయినవాళ్లు, ఆ పూట కూలి పోతుందని భయపడేవాళ్లు, పిల్లల్ని ఎవరికి అప్పగించాలో తెలియనివాళ్లు. వాయిదాకి ముందు రోజుల్లో ఫోన్‌కి మెసేజ్‌లు పంపితే రానివాళ్లు బాగా తగ్గారని న్యూయార్క్‌లో పరీక్షించి చూశారట. ఇక్కడ దానిమీద పరిశోధన పత్రాలున్నాయి నాన్నా. మీరు మన వసారాలో నిలబడి చేసిన ఫోన్ మీద ఇక్కడ ప్రొఫెసర్లు పత్రాలు రాస్తున్నారు!

ప్రశ్నల సమయంలో చెయ్యెత్తాను. గుండె దడదడలాడింది, కానీ చెప్పాను. మన సుప్రీంకోర్టులో 1978లోనే మోతీరామ్ కేసు వచ్చిందని, మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీకి పదివేల జామీను అడిగి, అతని అన్నదమ్ముడు పూచీ ఉంటానంటే ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కుదరదన్నాడని, జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని కొట్టేసి వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద విడుదల చేయమన్నారని. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆవిడ ఆ ఖాళీ కవరు మీద "మోతీరామ్" అని రాసుకుంది, అక్షరాలు ఒక్కొక్కటీ నన్నడిగి. తర్వాత అడిగింది: "మరి ఆ తీర్పు వచ్చాక మీ దగ్గర మారిందా?"

ఏం చెప్పను? మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణ పూర్తికానివాళ్లేనని చెప్పాను. బెయిలు వచ్చి కూడా వారం రోజుల్లో బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలియజేయాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చిందన్నాను. ఈ ఊరి జామీనే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని కూడా అందులో ఉంది. మోతీరామ్ తర్వాత నలభై అయిదేళ్లకి. ఆ మాట పైకి అంటుంటే నాకు కోపం వచ్చింది, గొంతు కాస్త వణికింది.

మంగళవారం ఒక జడ్జిగారు తీర్పు రాయడం గురించి చెప్పారు. బాగుంది, నోట్సు రాసుకున్నాను.

బుధవారం గిడియన్ కేసు. ఫ్లోరిడాలో ఒక పూల్ రూమ్‌లో, అంటే బిలియర్డ్స్ లాంటి ఆట ఆడే చోట, దొంగతనం చేశాడని 1961లో క్లారెన్స్ గిడియన్ అనే అతన్ని పట్టుకున్నారు. లాయర్ని ఇప్పించమంటే మరణశిక్ష పడే కేసులకే ఇస్తామన్నారు. తన కేసు తనే వాదించుకుని ఐదేళ్ల శిక్ష వేయించుకున్నాడు. జైల్లోంచి సుప్రీంకోర్టుకి పెన్సిల్‌తో అర్జీ రాశాడు. 1963 మార్చి 18న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా అతని వైపే తీర్పిచ్చారు. మళ్లీ విచారణ జరిగితే, ఈసారి పక్కన లాయర్ ఉన్నాడు, జ్యూరీ నిర్దోషి అంది. ఆ అర్జీని తెర మీద చూపించారు. గీతల కాగితం, ఒత్తి రాసిన అక్షరాలు. నేను కేసు పక్కనపెట్టి ఆ చేతిరాతే చూస్తూ కూర్చున్నాను. వేపచెట్టు కింద బల్ల మీద మీరు వేలిముద్రలవాళ్లకి రాసిచ్చిన అర్జీలు ఎన్నుంటాయో.

గురువారం సాయంత్రం మాత్రం నన్ను ఇంకా వదల్లేదు. చేయని హత్యకి ఇరవై ఏళ్లకి పైగా జైల్లో ఉండి వచ్చిన మనిషి మాట్లాడాడు. ఇల్లినాయ్‌లో ఇది కొత్త కాదు. 2000 నాటికి ఇక్కడ 12 మందిని ఉరితీస్తే, మరణశిక్ష పడినవాళ్లలో 13 మంది నిర్దోషులని తేలింది. అప్పటి గవర్నరు శిక్షల అమలు ఆపేశాడు, 2011లో మరణశిక్షే రద్దయింది. కానీ నేను చెప్పదలచింది వేరు. ప్రసంగం అయ్యాక నేను అతని వెనకే బయటికి వస్తున్నాను. హాలు తలుపు మూసి ఉంది. తాళం లేదు, తోస్తే చాలు. అతను దాని ముందు ఆగి, చేతులు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు, ఎవరో వచ్చి తెరుస్తారని. ఒక క్షణం తర్వాత తనే తల అడ్డంగా ఊపుకుని తోశాడు. నేను చూశానని అతనికి తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం క్రిమినల్ కోర్టుకి తీసుకెళ్లారు. ఇరవై ఆరో వీధి, కాలిఫోర్నియా అవెన్యూ కలిసేచోట ఉంటుంది. భవనాలు వేరు గానీ వరండాలో బెంచీల మీద కూర్చున్న తల్లులు మనవాళ్లే అనిపించారు. ఒడిలో కవర్లు, కళ్లు తలుపు మీద.

ఇప్పుడు మీతో పని. నా చివరి సెమిస్టరు వ్యాసం జామీను మీదే రాస్తానని ప్రొఫెసరుగారితో చెప్పాను. పుస్తకాల్లో తీర్పులున్నాయి గానీ, బెయిలు వచ్చాక ఎవరు ఎన్నాళ్లు లోపల ఉండిపోయారో ఎక్కడా లేదు. అది మీ వాయిదా డైరీల్లో ఉంది. అటక మీద బియ్యం డబ్బా వెనక ముప్ఫై ఏళ్లవి ఉండాలి. తమ్ముడి చేత దింపించండి, మీరు ఎక్కొద్దు. బెయిలు వచ్చిన తేదీ, జామీను దొరికిన తేదీ రెండూ ఉన్న పేజీలు వాడిచేత ఫోటో తీయించి పంపండి. పేర్ల మీద కాగితం ముక్క పెట్టమనండి. మీకు గుర్తున్నవి మీ చేత్తో పక్కన రాయండి, "నేను గుమాస్తాని, నాకేం తెలుసు" అనకుండా.

ఆ ఒడిశా కుర్రాడి కేసు ఏమైందో కూడా రాయండి. కొట్టేశారని గుర్తు, కానీ ఏ సంవత్సరమో తెలియదు.

రేపు దీపావళి. ఇక్కడ వాకిట్లో దీపం పెట్టుకోవచ్చో లేదో ఇంటావిడని అడగాలి. లేకపోతే కిటికీలో పెడతాను. అమ్మ మోకాలికి ఆ నూనె రాస్తోందా? తమ్ముణ్ణి చిచ్చుబుడ్లు దూరంగా పెట్టి వెలిగించమనండి.

మీ చిన్నమ్మాయి