కరెంటు కాటు: ఒత్తిడి తీసే సర్జరీ కోత ఆలస్యమైతే చెయ్యే పోతుంది

కోనసీమ కొబ్బరితోటల్లో, భీమవరం వైపు చెరువుగట్ల మీద 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు తీగ తగిలినవారికి కాపాడదగిన చేతులు కూడా ఆలస్యం వల్ల పోతున్నాయి. అల్యూమినియం నిచ్చెనో తడి గెడో తీగకు ఆనితే పైకి కనిపించేది అరచేతిలో రూపాయిబిళ్లంత నల్లమచ్చే. లోపల ఎముకను ఆనుకున్న కండరం ఉడికిపోయి ఉంటుంది. మామూలు కాలిన గాయమనుకుని ఆయింట్‌మెంట్ రాసి కట్టు కట్టడమే అసలు తప్పు. ముంజేయి బిగుసుకుని, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వస్తుంటే ఆరు గంటల్లోపే కండరాలపై పొర చీల్చి లోపలి వాపు ఒత్తిడి తీయాలి. మూత్రం ముదురు ఎరుపులో ఉంటే, పెద్దవారికి గంటకు 75-100 మిల్లీలీటర్లు వచ్చేలా సెలైన్ ఎక్కించాలి, లేదంటే కిడ్నీలు దెబ్బతింటాయి. రెండు రోజులకోసారి గాయం తెరిచి చచ్చిన కండరం తీసేశాక, పైపొర పోయిన ఎముక, టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) మీద పలుచటి చర్మం అతికిస్తే పట్టదు. సొంత రక్తనాళమున్న చర్మం, కొవ్వు ముక్కను, అంటే ఫ్లాప్‌ను, వేయాలి. చేతికైతే, చేతిని గజ్జ దగ్గరి ఫ్లాప్‌కు కుట్టి, సుమారు మూడు వారాలకు గజ్జ నుంచి విడదీస్తారు. కాలికి వేరేచోటి కండరం తెచ్చి నాళాలు కలిపేటప్పుడు గాయానికి దూరంగా, దెబ్బతినని నాళాన్నే ఎంచుకోవాలి. కాలిన నాళంలో రక్తం గడ్డకట్టి ఫ్లాప్ నల్లబడుతుంది. అమలాపురం, నరసాపురం వంటి ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల సర్జన్లకు ఒత్తిడి తీసే కోతలో ఆరోగ్యశాఖ శిక్షణ ఇవ్వాలి. కోత పూర్తయ్యాక, అదే రోజు, ప్లాస్టిక్ సర్జన్ ఉన్న బోధనాసుపత్రికి 108లో పంపేలా రాతపూర్వక ఆదేశం జారీ చేయాలి.